ఆగగలిగినవాటి జాబితా

చెప్పుల దుకాణం పైన, మూడో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. మెట్లెక్కుతుంటే కొత్త తోలు వాసన రెండో అంతస్తు దాకా వెంటపడుతుంది. అక్కడ పదమూడేళ్ళుగా కిటికీ పక్క కుర్చీలో కూర్చునే ఆవిడని అందరూ టోకెనమ్మ అంటారు. అసలు పేరు జీతం చీటీకి తప్ప ఎవరికీ అవసరం రాలేదు.

ఆవిడ టోకెన్లిచ్చేది మనుషులకి కాదు, యంత్రాలకి. మన ఫోనుల్లో ఉన్నట్టే యంత్రాల్లో కూడా సిమ్ములుంటాయి. గోడ మీది నీటి మీటరు, లిఫ్టులో ఎర్ర బటను, మందుల గిడ్డంగిలో చల్లదనం చూసే పెట్టె, డీజిల్ ట్యాంకు మూత కింద అతికించిన బిళ్ళ, ఇవన్నీ రోజుకి ఒకటి రెండు మాటలు టవరుకి చెప్పుకుంటాయి. టవరు ఆ మాటని యజమానికి చేరవేస్తుంది. నిండిందనో, తలుపు తెరుచుకుందనో, నేను బాగానే ఉన్నాననో, అంతే. మాటలు చిన్నవే గానీ చెప్పేవి నలభై వేలు. మొదట్లో వాటిని అమ్మినవాళ్ళందరూ పొద్దున ఆరింటికి లెక్క చెప్పమని నేర్పి పంపారు. ఆరయ్యేసరికి అన్నీ కలిసి టవరు తలుపు మీద పడేవి. ఒక్కటీ లోపలికి పోయేది కాదు. పోలేదు కాబట్టి మళ్ళీ తట్టేవి. ఆ తోపులాటలో మనుషుల ఫోనులు కూడా మూగబోయేవి.

అప్పటికి ఆవిడ ఆ ఆఫీసులో కాగితాల మీది అంకెలు కంప్యూటరులోకి ఎక్కించే పనిలో ఉండేది. ఎవరూ అడక్కుండానే ఒకరోజు మేనేజరు బల్ల దగ్గరికి వెళ్ళి, వీటికి వరుస పెడితే సరిపోతుంది కదండీ అంది. చిన్నప్పుడు వీధి కుళాయి దగ్గర బిందెల వరుస చూసుకున్నది ఆవిడే. పదేళ్ళ పిల్ల, చేతిలో బొగ్గుముక్క, ప్రతి బిందెకీ ఒక అంకె. పెద్దవాళ్ళు కూడా ఆ అంకె దాటేవాళ్ళు కాదు. ఒకసారి వాళ్ళమ్మే, ఇంట్లో పొయ్యి మీద ఎసరు మరుగుతోందే, కాస్త ముందుకి జరపవే అని బతిమాలినా, ఆ పిల్ల తల్లి బిందెని పంతొమ్మిదో అంకె దగ్గరే ఉంచింది. వీధి వీధంతా నిప్పులాంటి పిల్ల అంది. ఆ మాట ఆవిడకి తలకెక్కింది. జన్మంతా దిగలేదు.

అలా నలభై వేల యంత్రాలకీ తలా ఒక నిమిషం కేటాయించింది. నీటి మీటర్లకి తెల్లవారుజామున, గిడ్డంగులకి ఎండెక్కాక, లిఫ్టులకి ఆఫీసులు తెరవకముందు. టవరు ఊపిరి పీల్చుకుంది. మేనేజరు పక్క ఊరి ఆఫీసువాళ్ళని తీసుకొచ్చి ఆవిడ పట్టిక చూపించాడు. ఆవిడ లేచి నిలబడి, చీర కొంగు సర్దుకుని, మళ్ళీ కూర్చుంది.

కష్టమైన పని ఆ తర్వాత వచ్చింది. పెద్ద వాన పడినా, ఎక్కడైనా ప్రమాదం జరిగినా జనమంతా ఒక్కసారిగా ఫోనులు తీస్తారు. అలాంటప్పుడు టవరు కొన్ని యంత్రాలని వెనక్కి పంపాలి. పది నిమిషాలాగి రా, ఇరవై నిమిషాలాగి రా అని. దేన్ని పంపాలో టవరుకి తెలియాలి గనక ప్రతి సిమ్ము మీదా ఒక గుర్తు పెట్టాలి: ఆగుతుంది, లేకపోతే ఆగదు. మీ ప్రాంతానికి 'ఆగదు' గుర్తులు వందే ఇస్తాం, నూటొకటోది అడగొద్దని టవరువాళ్ళు ఖరాఖండిగా చెప్పేశారు.

దరఖాస్తులో ఆ గడి ఖాళీగా వదిలేవాళ్ళు బహు తక్కువ. కాకిపిల్ల కాకికి ముద్దు. అందరూ 'ఆగదు' దగ్గరే టిక్కు పెట్టేవాళ్ళు. రోడ్డు పక్క ప్రకటనల బోర్డు పెట్టుకున్నాయన కూడా నా బోర్డు ఆగదమ్మా అన్నాడు. అందరూ అందలం ఎక్కితే మోసేవాళ్ళెవరండీ అని పక్క కుర్చీ పెద్దాయన నవ్వేవాడు. ఆయన బిల్లులు చూసుకునే మనిషి, పని తక్కువ, నోరు ఎక్కువ. ఆవిడ నవ్వేది కాదు. ఒక్కో దరఖాస్తూ చదివి, ఫోను చేసి, ఇది పావుగంట ఆలస్యమైతే ఎవరికైనా ఏమైనా అవుతుందా అని అడిగి గుర్తు పెట్టేది. మొత్తం మీద సరిగ్గానే పెట్టింది, ఒక్కటి తప్ప.

ఆ ఒక్కటి తమ్ముడిది.

తమ్ముడు ఆవిడ కన్నా నాలుగేళ్ళు చిన్న. తండ్రి పోయిన ఏడాది ఇంట్లో ఒక్కరికే ఫీజు కట్టే స్తోమతుంది. అక్కని చదవనీ అమ్మా, నేను తర్వాత చదువుకుంటా అన్నాడు, పద్నాలుగేళ్ళవాడు. ఆ తర్వాత అన్నది రాలేదు. పంపుల మెకానిక్కు దగ్గర చేరాడు. నీటి పనుల శాఖలో కాంట్రాక్టు మీద కుదిరాడు. ఊళ్ళో రైలు వంతెనల కింద నుంచి పోయే మూడు దారులున్నాయి. వాన పడితే మూడింట్లోనూ నీళ్ళు చేరతాయి. మూడింటికీ కలిపి మనిషి ఒక్కడే, అది తమ్ముడు. సైకిలు మీద ఒకదాన్నుంచి ఒకదానికి తిరుగుతూ పంపులు వేసి, నీళ్ళు గోడ మీది ప్రమాదపు గీత దాటితే రెండు వైపులా అడ్డగొలుసు కట్టి బళ్ళు ఆపడం అతని పని.

ఒక్కడు మూడుచోట్ల ఉండలేడు కాబట్టి రెండేళ్ళ కింద ఆ మూడు దారుల్లో నీటిమట్టం చూసే పెట్టెలు బిగించారు. నీళ్ళు గీత తాకగానే పెట్టె అతని ఫోనుకి కబురు పంపుతుంది. ఎక్కడి నుంచి కబురొస్తే అక్కడికి పరుగెత్తాలి. ఆ పెట్టెల దరఖాస్తు టోకెనమ్మ బల్ల మీదికే వచ్చింది. కబురు అందుకునేవారి గడిలో తమ్ముడి నంబరుంది. ఆగుతుందా ఆగదా అన్న గడి ఖాళీగా ఉంది. నింపిన గుమస్తా బద్ధకించాడు.

వందలో ఆనాటికి ఇంకా నాలుగు ఖాళీలున్నాయి. ఆవిడ పెన్ను 'ఆగదు' మీదికి వెళ్ళింది కూడా. సరిగ్గా అప్పుడే పక్క కుర్చీ పెద్దాయన కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి తొంగి చూశాడు.

"మీ తమ్ముడి నంబరు కాదూ అది? ఇంకేం టోకెనమ్మా. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా పర్వాలేదన్నారు."

మంచి మనసుతోనే అన్నాడు. ఆవిడకి మాత్రం చెవులు భగ్గుమన్నాయి. పక్క ఊరి ఆఫీసులో ఇదే పని చూసినతను బావమరిది పెట్రోలు బంకుకి దొడ్డిదారిన గుర్తు పెట్టిచ్చి ఉద్యోగం పోగొట్టుకున్నాడని ఆఫీసంతా ఇప్పటికీ చెప్పుకుంటుంది. తన వెనక కూడా అలాగే చెప్పుకుంటారనుకుంది. పెన్ను పక్కకి జరిపి మూడు పెట్టెలకీ 'ఆగుతుంది' అని పెట్టింది. పెద్దాయన వైపు చూడలేదు. తమ్ముడు మెలకువ ఉన్న మనిషి, కబురు రాకపోయినా కళ్ళతో చూసుకుంటాడులే అనుకుంది. అనుకున్నప్పుడు అది నిజంలాగే ఉంది. మిగిలిన ఖాళీలు వారం తిరక్కుండా నిండిపోయాయి.

రెండు వానాకాలాలు ఏమీ కాలేదు. వానలు చిన్నవి.

మూడో వానాకాలంలో ఒక మంగళవారం మధ్యాహ్నం మూడున్నరకి మొదలైన వాన బడులు వదిలే వేళకి ఊరిని ముంచింది. తల్లులందరూ ఫోనులు తీశారు. టవరు నిండిపోయింది. టోకెనమ్మ తెర మీద వెనక్కి పంపిన యంత్రాల అంకె వేలకి వేలు పెరుగుతూ పోయింది. ఒక్కటీ వరుస తప్పలేదు, ఒక్కటీ తలుపు బద్దలు కొట్టలేదు. ఆవిడకి లోపల తృప్తిగా అనిపించింది. టీ తెప్పించుకుని తాగింది. ఆ టీ సంగతి తర్వాత ఎవరికీ చెప్పలేదు.

ఆ వేళకి తమ్ముడు రెండో దారిలో ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి, పంపు నోటి జాలీకి అడ్డుపడ్డ ప్లాస్టిక్ సంచులు చేత్తో లాగుతున్నాడు. ఫోను తలకి కట్టుకున్న కవరులో ఉంది. అది నాలుగూ యాభై ఒకటికి మోగింది. మొదటి దారిలో నీళ్ళు గీత దాటాయి. సైకిలు అక్కడే పారేసి పరుగెత్తాడు. వెళ్ళేసరికి నీళ్ళ మీద ఒక హెల్మెట్టు తేలుతోంది. మూడుసార్లు మునిగి నాలుగోసారి మనిషిని పైకి తెచ్చాడు. ఒక దర్జీ. బడిపిల్లల బట్టలు కుట్టేవాడు. కుట్టుమిషను తల స్కూటరు వెనక కట్టుకుని వెళుతున్నాడు. ఆ బరువుకే బండి మీద పడిందన్నారు. అప్పటికే ప్రాణం పోయింది.

మర్నాడు ఇంజినీరు వచ్చి పెట్టె విప్పించాడు. అది తన లోపల రాసుకున్న సమయం నాలుగూ పదకొండు. అంటే నలభై నిమిషాల ముందే పెట్టె పిలిచింది, మనిషి కదల్లేదు. తమ్ముడు తన ఫోను చూపించి యాభై ఒకటికే వచ్చిందండీ అంటే, ఫోనులో సమయం మార్చడం చిన్నపిల్లలకి కూడా వచ్చు అన్నారు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే ఇంజినీరుకి అది అడిగి తేల్చుకోవాలనిపించలేదు. తేల్చకపోతేనే శాఖకి మంచిది. ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. వారంలో విచారణ. నిర్లక్ష్యం అని తేలితే పోలీసు కేసు.

ఆ సాయంత్రం తమ్ముడు అక్క ఇంటికి వచ్చాడు. చేతివేళ్ళ నిండా జాలీ గీతలు. కూర్చోలేదు.

"అక్కా, నీ దగ్గర కనిపిస్తుంది కదా, పెట్టె ఎప్పుడు పంపిందీ, నాకు ఎప్పుడు చేరిందీ. అదొక్కటి తీసివ్వు. ఇంకెవరూ నమ్మట్లేదు."

ఆవిడ అప్పటికే చూసేసింది. పొద్దున ఆఫీసు తలుపు తీసిన మొదటి మనిషి ఆవిడే. పెట్టె నాలుగూ పదకొండుకి టవరు తలుపు తట్టింది. పది నిమిషాలాగమన్నారు. ఇరవై ఒకటికి తట్టింది. మళ్ళీ పది. ముప్ఫై ఒకటికి తట్టింది. ఇరవై. యాభై ఒకటికి రానిచ్చారు. ప్రతి వరస చివరా కారణం గడిలో ఒకటే మాట: ఆగుతుంది. రెండో దారిలో తమ్ముడే ఉన్నాడు, మూడోది కాస్త మెరక, కాబట్టి అవి బతికాయి.

చూస్తానురా అంది తమ్ముడితో. మూడు రోజులు చూస్తానంటూనే గడిపింది. నిప్పులాంటి మనిషికి నోరు పెగల్లేదు.

నాలుగో రోజు మేనేజరు గదిలోకి వెళ్ళింది. మేనేజరు తలుపు వేయించి, చెడ్డగా ఏమీ మాట్లాడలేదు. పైగా మంచినీళ్ళిచ్చాడు. రికార్డు మనది కాదు, నీటి శాఖది, వాళ్ళు రాతపూర్వకంగా అడిగితే ఇద్దామన్నాడు. వాళ్ళెందుకు అడుగుతారండీ అంది ఆవిడ. అడగనప్పుడు మనకెందుకు అన్నాడు. మన లెక్కలో కబురు 'చేరింది' అని ఉంది, చేరింది కూడా, ఇందులో అబద్ధమెక్కడుందని అడిగాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు.

"టిక్కు ఎవరు పెట్టారని అడుగుతారు. దరఖాస్తులో ఖాళీ ఉంది. అప్పుడు ఏం చెబుతావమ్మా?"

"నేనే పెట్టానని చెబుతాను."

"సొంత తమ్ముడికి ఆగుతుందని పెట్టావా? ఎవరు నమ్ముతారు?"

అప్పటికి ఆవిడకి ఆ మాట బెదిరింపులాగే వినిపించింది. జోస్యం అని తెలియలేదు.

రికార్డు కాగితం మీదికి తీసుకుని, మడిచి సంచిలో పెట్టుకుని, ముందు తమ్ముడి ఇంటికి వెళ్ళింది. ఒక గది, దాని ముందు వంటకి రేకుల వరండా. మరదలు ఆవిడని చూడగానే ముఖం విప్పార్చుకుని, వదిన తెచ్చింది, నేను చెప్పలా అంది మొగుడితో. పీట వేసి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ఆవిడ పీట మీద కూర్చోలేకపోయింది. కాగితం తమ్ముడి చేతికిచ్చి, వరస వరసనా వేలు పెట్టి చెప్పింది. ఎప్పుడు తట్టిందో, ఎందుకు వెనక్కి పంపారో, ఆ గుర్తు ఎవరు పెట్టారో.

తమ్ముడు కాగితం కళ్ళ దగ్గరికి పట్టుకున్నాడు. చదువు ఆగిపోయినవాడు కదా, అంకెలు మాత్రం ఒక్కొక్కటే పెదాలతో చదివాడు. మరదలు చేతిలో గ్లాసు అలాగే ఉంది. ఆఖరికి అడిగాడు.

"అక్కా, ఆ నంబరు నాది కాకుండా వేరేవాళ్ళది అయ్యుంటే ఏం పెట్టేదానివి?"

ఆవిడ ఆ ప్రశ్న వస్తుందనుకోలేదు. కోప్పడతాడనుకుంది, ఏడుస్తాడనుకుంది. రెండింటికీ సమాధానం కూర్చుకుని వచ్చింది.

"ఆగదు అని పెట్టేదాన్ని," అంది.

అతను తలాడించాడు. లెక్క సరిపోయినట్టు. కాగితం మడిచి తిరిగి ఆవిడ చేతికే ఇచ్చి, విచారణలో నువ్వే ఇవ్వు, నేనిస్తే దొంగ కాగితం అంటారు అన్నాడు. మరదలు గ్లాసు కింద పెట్టింది. మంచినీళ్ళు ఎవరూ తాగలేదు.

విచారణ నీటి శాఖ ఆఫీసులో జరిగింది. పొడుగు బల్ల, అవతల ముగ్గురు, ఇవతల కుర్చీ ఒకటే. తమ్ముడు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఆవిడ జీవితంలో ఎన్నడూ అంతమంది ముందు నోరు విప్పలేదు. అయినా చెప్పింది. తడబడకుండా, ఏదీ దాచకుండా, ఆ పక్క కుర్చీ పెద్దాయన మాట దగ్గర నుంచీ చెప్పింది. బల్ల అవతల మధ్యలో కూర్చున్నాయన ఓపిగ్గా విన్నాడు. తర్వాత మూడు ప్రశ్నలడిగాడు. ఈ కాగితం మీ కంపెనీ అధికారికంగా ఇచ్చిందా? లేదు. దీన్ని మీ కంప్యూటరులోంచి మీరే తీశారా? అవును. నిలబడ్డ మనిషి మీకేమవుతాడు? తమ్ముడు.

ఆయన పెన్ను మూత పెట్టేశాడు.

"చూడమ్మా, తమ్ముడి కోసం అక్క ఎంతదూరమైనా వస్తుంది. మాకూ అక్కచెల్లెళ్ళున్నారు. కానీ సొంతవాడికి కావాలని వెనక వరుస ఇచ్చానంటే, ఇదేం కథ? వినేవాళ్ళం మరీ అంత వెర్రివాళ్ళం కాదు."

పక్కనున్న ఇంజినీరు కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరం చదివాడు. కబురు చేరింది, అంతే ఉంది అందులో. సంతకం మేనేజరుది. ఆవిడ తెచ్చిన కాగితాన్ని పరిగణనలోకి తీసుకోలేదని రాసుకున్నారు. అదే కాగితం ఇంకెవరి చేతి నుంచి వచ్చినా పనికొచ్చేది. పదేళ్ళ వయసు నుంచీ ఏ మాట పడకూడదని ఆవిడ పళ్ళు బిగబట్టి బతికిందో ఆ మాటే, చేయని పనికి, నిండు బల్ల ముందు పడింది.

నిర్లక్ష్యం అని తేల్చారు. తప్పు ఒప్పుకుని సంతకం పెడితే పోలీసుల దాకా పోనివ్వబోమని ఎవరో మధ్యవర్తిగా వచ్చి చెప్పారు. తమ్ముడికి ఇద్దరు పిల్లలు. పెట్టాడు. ఉద్యోగం పోయింది. దర్జీ భార్య రెండుసార్లు అతని ఇంటి ముందుకి వచ్చి నిలబడి, ఏమీ అనకుండా వెళ్ళిపోయిందట. తిట్టినా బాగుండేది అన్నాడట తమ్ముడు. ఆ సంగతి కూడా ఆవిడకి తల్లి ద్వారా తెలిసింది. అతను చెప్పలేదు. ఆవిడ ఇంటికి రావడం మానేశాడు.

టోకెనమ్మ ఉద్యోగం మాత్రం పోలేదు. పోతుందని సంచి సర్దుకునే వెళ్ళింది. ఆవిడ చెప్పింది అబద్ధమని విచారణే తేల్చింది కాబట్టి కంపెనీలో తప్పు లేదు. కంపెనీలో తప్పు లేదు కాబట్టి ఆవిడలోనూ తప్పు లేదు. మేనేజరు పెద్దమనసు చేసుకుని, ఇంటి బాధలో ఏదో చేశావు, మర్చిపోదామన్నాడు. పక్క కుర్చీ పెద్దాయన ఆ రోజు నుంచి సామెతలు చెప్పడం మానేశాడు. ఒకసారి, నా నోరు పడిపోనూ అని గొణిగాడు. మీదేం లేదండీ అంది ఆవిడ. నిజానికి అతనిది ఏమీ లేదని ఆవిడకి తెలుసు. ఆ తెలియడమే కాల్చేది.

వంతెన పెట్టెల గుర్తు మార్చమని మేనేజరుని అడిగింది. ఇప్పుడు మారిస్తే అప్పుడు తప్పని ఒప్పుకున్నట్టే కదా, ఒక ఏడాది పోనీ అన్నాడు. ఇంకా వానాకాలం సగం మిగిలే ఉంది. ఆ మూడు దారులకీ కొత్త మనిషి వచ్చాడు. ఎవరో ముక్కూమొహం తెలియనివాడు. వందలో మూడు ఖాళీలు చేయాలంటే ఎవరికో ఒకరికి ఫోను చేసి చెప్పాలి. ఆవిడ మేనేజరు భోజనానికి వెళ్ళిన గంటలో ముగ్గురికి చేసింది. ఒకాయన తిట్టాడు, ఒకావిడ ఏడ్చింది, ఒకాయన ఎత్తలేదు. ముగ్గురినీ దింపి మూడు పెట్టెలకీ 'ఆగదు' అని పెట్టింది. ఎవరు మార్చారన్న గడిలో, జీతం చీటీ మీద ఉండే ఆ పేరు పూర్తిగా రాసింది. అడిగినప్పుడు చూసుకుందాం అనుకుంది. ఎవరూ అడగలేదు. ఆ పట్టిక ఆవిడ తప్ప ఎవరూ చూడరు.

పద్దెనిమిది రోజులకి మళ్ళీ గట్టి వాన పడింది. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని తెర చూస్తూ ఉంది. టవరు నిండింది. వేలకి వేలు వెనక్కి మళ్ళాయి. మొదటి వంతెన కింది పెట్టె మూడూ ఆరుకి తట్టింది, మూడూ ఆరుకే లోపలికి పోయింది. కొత్త మనిషి ఫోనుకి కబురు చేరినట్టు వెంటనే కనిపించింది. తమ్ముడు పదిహేడు రోజులుగా ఎత్తని నంబరుకి ఆవిడ మళ్ళీ ఫోను చేసింది. ఈసారి మరదలు ఎత్తింది.

"ఆయన ఇంట్లో లేరు వదినా. వాన మొదలవగానే వంతెన దగ్గరికి వెళ్ళిపోయారు. వాన పడ్డప్పుడల్లా ఇంతే. గొలుసు పట్టుకుని నిలబడతారట. కొత్తతను పొమ్మని తిడతాడు, అయినా కదలరు. పెట్టె పిలుస్తుంది కదండీ అంటే దాన్ని నమ్మనంటారు."

"నమ్మొచ్చని చెప్పమ్మా," అంది ఆవిడ. "గుర్తు మార్చేశాను. ఇప్పుడు ఆగదు, వెంటనే చేరుతుంది. నేను కళ్ళారా చూశాను."



"ఇప్పుడా వదినా," అంది మరదలు. తిట్టినట్టు లేదు. సరిగ్గా విన్నానా లేదా అని అడిగినట్టుంది.

అవునమ్మా అంది ఆవిడ. మరదలు, పొయ్యి మీద పాలున్నాయి, ఉంటాను వదినా అని పెట్టేసింది.